గుండు, గుడ్డ, మందు: పాతకాలపు రైఫిల్‌ను వేటకు కుదుర్చుకోవడం ఎలా?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మూతి నుంచి మందు దట్టించే రైఫిళ్లకు వేరుగా వేట సీజన్ ఉంటుంది. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు చెకుముకి రాయి తుపాకుల సీజన్ మొదలవుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం కాబట్టి, ఇది అక్కడ లైసెన్సుతో వేటాడేవాళ్ల కోసం.

ముందు బ్యారెల్ సంగతి చూడండి. గుండును తిప్పుతూ పంపడానికి బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. గుండ్రటి సీసపు గుండుకు నిదానంగా తిరిగే గాడులు కావాలి. 60 లేదా 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి మేలు, 48 అయినా నడుస్తుంది. .50 అంగుళాల బోరుకు (బ్యారెల్ లోపలి వెడల్పు) సాధారణంగా .490 అంగుళాల మెత్తటి సీసపు గుండు, దాని చుట్టూ సుమారు .015 అంగుళాల మందం నూలుగుడ్డ సరిపోతాయి. పాలిస్టర్ కలిసిన గుడ్డ కరిగిపోతుంది. కొత్త గుడ్డను ఉతికి గంజి వదిలించాకే వాడండి.

మందు విషయంలో మొహమాటం వద్దు. బ్లాక్ పౌడర్, లేదా దానికి బదులుగా అమ్మే పౌడర్ మాత్రమే వాడాలి. ఈనాటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ పోస్తే బ్యారెల్ పేలిపోతుంది. డబ్బాలోంచి నేరుగా పోయకుండా కొలపాత్రతో కొలిచి పోయండి. గుండు మందు మీద గట్టిగా ఆనాలి, మధ్యలో ఖాళీ ఉంటే ప్రమాదం. సరిగ్గా దిగిందో లేదో తెలియడానికి ర్యామ్‌రాడ్ (గుండును లోపలికి దించే కడ్డీ) మీద, గుండు దిగాక మూతి దగ్గర ఉండే చోట గీత పెట్టుకోండి.

50 గజాల దూరంలో అట్ట పెట్టి, ఎఫ్‌ఎఫ్‌జీ (మధ్యరకం పలుకున్న) పౌడర్ 50 గ్రెయిన్లతో (గ్రెయిన్ మందు కొలతకు వాడే చిన్న ప్రమాణం) మొదలుపెట్టి మూడేసి గుళ్లు కాల్చండి. ప్రతిసారీ 5 గ్రెయిన్లు పెంచుతూ పోవచ్చు, కానీ తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. ఒక్కో గుండుకూ మధ్య తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి బ్యారెల్ తుడవాలి. ఒకసారి తుడిచి ఒకసారి మానేస్తే అట్ట మీద గుళ్లు పడిన గుంపు ఎందుకు చెదిరిందో ఎప్పటికీ తేలదు.

చాలామంది అట్ట దగ్గరికే పరిగెడతారు. నన్నడిగితే ముందు మూతికి కొన్ని గజాల అవతల నేలమీద పడిన గుడ్డలు ఏరుకోవాలి. నడుమ నల్లటి మచ్చ, చుట్టూ గాడుల చారలు, అంచున కొద్దిగా పీచు ఉండి మిగతాదంతా గట్టిగా ఉంటే గుండుకూ గుడ్డకూ మందుకూ పొత్తు కుదిరినట్టే. నడుమ కాలి చిల్లు పడితే జిడ్డు చాలలేదు, లేదా గుడ్డ పలచనైంది. మందం పెంచండి, తేనెమైనం కలిపిన కొవ్వు బాగా పట్టించండి. కత్తితో కోసినట్టు చీలితే మూతి అంచు, గాడుల గట్లు పదునుగా ఉన్నట్టు. కొత్త బ్యారెళ్లలో ఇది మామూలే. సన్నటి ఎమరీ కాగితాన్ని బొటనవేలితో మూతి మీద ఆనించి తిప్పితే అంచు నునుపవుతుంది. అరగదీసే ముందు ర్యామ్‌రాడ్ దించి, దాని మీది గీత మూతి లోపలికి దిగిపోయిందని చూసి, తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి.

గుంపు కుదిరాకే సైట్లు (గురి చూసే గుర్తులు) కదపాలి. వెనక సైట్‌ను గుండు ఎటు వెళ్లాలో అటే జరపాలి, ముందుదాన్ని ఎదురువైపు. తుడిచిన బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండు ఎక్కడ పడుతుందో విడిగా రాసుకోండి, అడవిలో దొరికేది ఆ ఒక్క అవకాశమే. గుండ్రటి గుండు వేగం త్వరగా పడిపోతుంది కాబట్టి జింక మీద 75 గజాలు దాటి కాల్చకపోవడమే మర్యాద.

ఆ సాయంత్రమే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. బ్లాక్ పౌడర్ మసి తెల్లారేసరికే తుప్పు పట్టిస్తుంది.