ఉప్పును ప్రేమించే కొత్త బ్యాక్టీరియాను గుర్తించడం ఎలా?

ఉప్పు మడి, ఉప్పునీటి సరస్సు లేదా చవుడు నేల నుంచి నమూనా తీసుకునేటప్పుడే అక్కడి లవణ శాతాన్ని, ఉష్ణోగ్రతను, పీహెచ్‌ను రాసిపెట్టుకోవాలి. మీరు తయారుచేసే పోషక మాధ్యమం ఆ కొలతలకు దగ్గరగా ఉంటేనే ఆ జీవులు పెరుగుతాయి. నమూనాను పలుచన చేయడానికి స్వేదనజలం వాడకూడదు. గాఢమైన ఉప్పుకు అలవాటుపడిన కణాలు అందులో ఉబ్బి పగిలిపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఓపిక. అగార్ (పోషక మాధ్యమాన్ని గడ్డకట్టించే జెల్లీ) పళ్లాలను తేమ ఆరిపోకుండా మూసి కొన్ని వారాలపాటు ఉంచాలి. ఆరిన పళ్లెం మీద మెరిసే ఉప్పు స్ఫటికాలను కాలనీలని (కణాలు పెరిగి ఏర్పడే గుంపులని) పొరబడడం చాలా సులభం కనుక, సూక్ష్మదర్శినితో చూసి నిర్ధారించుకున్న కాలనీనే తీసుకుని, కనీసం మూడుసార్లు కొత్త పళ్లెం మీద తిరిగి గీసి శుద్ధ వర్ధనం (ఒకే రకం జీవులున్న పెంపకం) పొందాలి. గ్రామ్ రంజనానికి (బ్యాక్టీరియాను రెండు వర్గాలుగా వేరుచేసే రంగు పరీక్షకు) ముందు పూతను 2 శాతం అసిటిక్ ఆమ్లంతో స్థిరపరిస్తే ఉప్పు అడ్డురాదు.

ఎర్రని కాలనీలు చాలావరకు ఆర్కియాకు (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వర్గమైన ఏకకణ జీవులకు) చెందినవై ఉంటాయి. ఆ సంగతిని, సూక్ష్మజీవుల బంధుత్వాన్ని పోల్చడానికి వాడే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు తేలుస్తుంది. దాని క్రమం తెలిసిన జాతులతో 98.7 శాతం కంటే తక్కువ పోలితే అది కొత్త జాతి కావచ్చు. అంతకంటే ఎక్కువ పోలినా ఆశ వదులుకోనక్కరలేదు: పూర్తి జన్యుపటాల సగటు న్యూక్లియోటైడ్ సారూప్యం 95–96 శాతం లోపు, డిజిటల్ డీఎన్‌ఏ సంకరణ విలువ (రెండు జన్యుపటాల పోలికను కంప్యూటర్‌తో లెక్కించే మరో కొలత) 70 శాతం లోపు ఉంటే అది వేరే జాతే.

ఉప్పు 0 నుంచి 30 శాతం వరకు పెరుగుదలను, కొవ్వు ఆమ్లాలను, క్వినోన్‌లను (కణపొరలో శక్తి ఉత్పత్తికి తోడ్పడే అణువులను) దగ్గరి జాతుల ప్రామాణిక స్ట్రెయిన్‌లతో (ఆ జాతికి నమూనాగా నిలిచే వర్ధనాలతో) పక్కపక్కనే పరీక్షించాలి. చివరగా మీ స్ట్రెయిన్‌ను రెండు వేర్వేరు దేశాల్లోని వర్ధన భాండాగారాల్లో (సూక్ష్మజీవులను భద్రపరిచే సంస్థల్లో) జమచేయాలి. లేకపోతే పేరుకు చెల్లుబాటు ఉండదు.