విశాఖ ఫ్లాట్‌లో ఈఆర్‌వీ బిగించడం ఎలా

ఇంట్లోని పాత గాలిని బయటికి పంపి, తాజా గాలిని లోపలికి తెచ్చే యంత్రాల్లో రెండు రకాలు: హెచ్‌ఆర్‌వీ, ఈఆర్‌వీ. విశాఖలో వేడికన్నా తేమతోనే ఎక్కువ బాధ. అందుకని వేడిని మాత్రమే ఆపే హెచ్‌ఆర్‌వీ వద్దు, బయటి తేమను కూడా కొంత వెనక్కి పంపే ఈఆర్‌వీ తీసుకోండి. కావలసిన తాజా గాలి లెక్క: మనిషికి 7.5 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), ప్రతి 100 చదరపు అడుగులకు 3. నలుగురుండే 1000 చదరపు అడుగుల ఫ్లాట్‌కి 60 చాలు.

యూనిట్‌ను నడవా ఫాల్స్ సీలింగ్‌లో రబ్బరు ప్యాడ్లతో వేలాడదీయండి, ఫిల్టర్ తీయడానికి కింద తలుపు పెట్టించండి. తాజా గాలి పడగ్గదులకు, హాలుకు వెళ్లాలి. వంటింటి చిమ్నీని మాత్రం దీనికి కలపొద్దు, నూనె జిడ్డుకు లోపల వేడి, తేమలను మార్చే కోర్ పూడుకుపోతుంది.

తాజా గాలి తీసుకునే, పాత గాలి వదిలే బయటి గ్రిల్లుల మధ్య కనీసం 10 అడుగుల ఎడం, పైపులకు బయటివైపు వాలు ఉండాలి. వాలు లేకపోతే తుఫాను జల్లు లోపలికొస్తుంది. బీచ్ రోడ్డు, రుషికొండ వైపైతే 316 స్టెయిన్‌లెస్ స్టీలు గ్రిల్లులే వేయించండి.

పని చెడేది ఎక్కువగా డక్టుల (గాలి గొట్టాల) దగ్గరే. బయటి గాలి తెచ్చేది, దాన్ని గదులకు పంపేది, గదుల్లోని పాత గాలి లాగేది, దాన్ని బయటికి వదిలేది, ఈ నాలుగింటికీ ఇన్సులేషన్ చుట్టి, అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూయించండి. వేలెడు సందు వదిలినా చల్లటి డక్టు మీద నీటి చుక్కలు కట్టి, జిప్సం బోర్డు మీద పసుపు మరక దిగుతుంది. ఫ్లెక్సిబుల్ డక్టు ముడతల్లేకుండా పూర్తిగా లాగాలి.

చివరగా గాలి వేగాన్ని చూపే అనిమోమీటరుతో కొలవండి. లోపలికొచ్చే గాలి, బయటికెళ్లే దానికన్నా కాస్త ఎక్కువే ఉండాలి. తక్కువైతే తలుపు సందుల్లోంచి ఉక్క గాలి దూరుతుంది.