బోరు కంట్రోలర్‌లో సీరియల్ ఇంటరప్ట్ ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

అనంతపురం వైపు తోటల్లో మోటారు స్టార్టర్ పక్కనే బోర్డు బిగించి, తేమ సెన్సార్లకు ఆర్‌ఎస్-485 (రెండు తీగల సీరియల్ లైను) తీగ లాగబోతున్నవాళ్ల కోసం ఇది. సీరియల్ ఇంటరప్ట్ అంటే, లైను మీద బైటు రాగానే చిప్ చేస్తున్న పని ఆపి దాన్ని అందుకోవడం.

□ ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకండి. స్టార్టర్ డబ్బాలో ఉండేది త్రీఫేజ్.

□ టైము లెక్క వేసుకోండి. 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్ల వేగం) ఒక్కో బైటుకు స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే సుమారు 1.04 మిల్లీసెకన్లు. 115200లో 87 మైక్రోసెకన్లే. ఇంటరప్టులు ఆపి ఉంచే ఏ భాగమైనా అంతకంటే ముందే ముగియాలి. లేకుంటే ఓవర్‌రన్ అయి, అంటే పాతది చదవకముందే కొత్తది వచ్చిపడి, బైటు పోతుంది.

□ ఐఎస్‌ఆర్‌లో (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) బైటు చదవాలి, రింగ్ బఫర్‌లో (చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరిగే నిల్వ) వేయాలి, బయటపడాలి. ప్రింట్‌ఎఫ్, డిలే వద్దేవద్దు. హెడ్‌ను (రాసే చోటు చూపే ఇండెక్స్) ఐఎస్‌ఆర్, టెయిల్‌ను (చదివే చోటు చూపేది) మెయిన్ లూప్ మాత్రమే మార్చాలి. రెండూ వోలటైల్‌గా (కంపైలర్ ప్రతిసారీ మెమరీ నుంచే చదివేలా) ఉండాలి. 8 బిట్ల చిప్‌లో 16 బిట్ల ఇండెక్స్ పెడితే, చదివే మధ్యలో ఇంటరప్ట్ దూరి సగం పాత, సగం కొత్త విలువ చేతికొస్తుంది. బఫర్ 256 దాటకపోతే ఒక్క బైటు ఇండెక్సే వాడండి. దీన్ని గట్టిగా పట్టుకోమంటున్నా, ఎందుకంటే ఈ తప్పు బల్ల మీది పరీక్షలో దాదాపు కనబడదు, తోటలో ఎప్పుడో ఒకసారి బయటపడుతుంది.

□ మే ఎండలో రేకు డబ్బా కాగిపోతుంది. చిప్ లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ (చిప్‌కు తాళం వేసే గడియారం) వేడికి జరిగి బాడ్ రేటు తప్పుతుంది. క్రిస్టల్ వేయండి.

□ డీఈ పిన్‌ను (ఆర్‌ఎస్-485 చిప్‌లో పంపడాన్ని ఆన్ చేసేది) ట్రాన్స్‌మిట్ కంప్లీట్ ఇంటరప్ట్‌లోనే దించండి. డేటా రిజిస్టర్ ఖాళీ అయిందని దించేస్తే చివరి బైటు తెగుతుంది.

□ ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్) వాడితే ఐఎస్‌ఆర్‌లో ఫ్రమ్‌ఐఎస్‌ఆర్ అని ముగిసే ఫంక్షన్లే పిలవాలి.

□ తీగ రెండు కొసల్లో 120 ఓమ్ రెసిస్టర్లు.