ధర్నా తోపులాటగా మారకుండా: ఒక మైక్ సెట్ వాడి జాగ్రత్తలు

ధర్నా పెట్టేవాళ్ళు నా దగ్గరికి మామూలుగా ముందురోజు సాయంత్రం వస్తారు. నాలుగు హారన్లు, రెండు బాక్సులు, ఒక కార్డ్‌లెస్ మైకు, ఎంత తీసుకుంటావు అని బేరం మొదలుపెడతారు. రేటు చెప్పేముందు నేను రెండు సంగతులు అడుగుతాను. ఆఖరి వరసలో కూర్చున్న మనిషికి మీ మాట ఎలా వినపడుతుంది? ఏదైనా గొడవైతే జనం ఎటు నుంచి బయటికి పోతారు? మైకువాడికి ఇదంతా ఎందుకు అన్నట్టు చూస్తారు.

విజయవాడ గాంధీనగర్‌లో షాపు పెట్టినప్పటి నుంచి అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో, బీఆర్టీఎస్ రోడ్డులో, గుంటూరు కలెక్టరేట్ ముందు, లాడ్జి సెంటర్‌లో ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని చూస్తున్నాను. అన్ని రంగుల జెండాలకూ మైకు కట్టాను (కొన్ని జెండాల నుంచి డబ్బులు ఇంకా రావాలి, అది వేరే సంగతి). నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం మాట వినపడని చోటో, దారి మూసుకుపోయిన చోటో మొదలయ్యాయి. మొదటిసారి కార్యక్రమం పెడుతున్న పిల్లల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు కాగితం పని

కనీసం వారం ముందు స్టేషన్‌కి వెళ్ళండి. తేదీ, టైము, చోటు, ఎంతమంది వస్తారు, ఊరేగింపు ఉంటే ఏ దారి, మైకు వాడతారా, బాధ్యులెవరు, వాళ్ళ ఫోన్ నంబర్లు అన్నీ దరఖాస్తులో ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. జనం సంఖ్య తగ్గించి రాయకండి. రెండొందలని రాసి రెండు వేలమందిని దింపితే పోలీసులకు టెన్షన్ పుడుతుంది. అప్పటికప్పుడు బయటి నుంచి బలగాలను రప్పిస్తారు. వచ్చినవాళ్ళకి మీరెవరో, దేనికోసం కూర్చున్నారో తెలియదు.

స్టేషన్‌లో "సెక్షన్ 30 అమల్లో ఉందండీ" అనే మాట వినపడుతుంది. అది 1861 నాటి పోలీసు చట్టంలోది, ఊరేగింపుల దారి, వేళ క్రమబద్ధం చేయడానికి ఉద్దేశించింది. జనం గుమికూడకుండా నిషేధించే పాత 144 సెక్షన్ 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టంలో, 163 అయింది. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. న్యాయమైన అసంతృప్తిని అణచడానికి 144ని వాడకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనూరాధ భసీన్ కేసులో చెప్పింది. అనుమతి ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పుడే మీ వకీలుగారు హైకోర్టులో లంచ్ మోషన్, అంటే అదే రోజు వినమని అడిగే అత్యవసర పిటిషన్, వేయడానికి పనికొస్తుంది. ముందురోజు సాయంత్రం దరఖాస్తు పెడితే ఇదంతా చేయడానికి టైమెక్కడిది?

2022 డిసెంబర్ 28న కందుకూరులో 8 మంది, నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు ఆడవాళ్ళు తొక్కిసలాటలో చనిపోయారు. ఆ వెంటనే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది, మే 12న హైకోర్టు కొట్టేసింది. కొట్టేయడం సబబేనని నా అభిప్రాయం. కానీ ఆ పదకొండు ప్రాణాలు పోవడానికి లాఠీ కూడా అక్కర్లేకపోయింది. కాబట్టి చోటు చూడటానికి వెళ్ళినప్పుడు స్టేజీ ఎక్కడ అని కాకుండా పక్క సందులెన్ని, అవి ఎటు తేలతాయి, వాటిలో ఏది ఆటోలతో నిండి ఉంటుంది అని చూడండి. రెండు దారులైనా ఖాళీగా ఉండాలి. మీ షామియానా తాళ్ళు వాటికి అడ్డం కట్టకండి, అంబులెన్స్ దారి వేరే ఉంచండి. బ్యారికేడ్లు ఎక్కడ పెడతారో ముందే అడిగి, ఒక పక్క తెరిచి ఉంచమని దరఖాస్తులోనే రాయండి.

ఎదురుగా నిలబడేది ఎవరు

ఖాకీ బట్టలన్నీ ఒకటే అనుకోకండి. లోకల్ స్టేషన్ కానిస్టేబుల్‌కి మీ ముఖం తెలుసు, రేపు మళ్ళీ మీ వీధిలోనే డ్యూటీ చేయాలి. ఏఆర్ (జిల్లా సాయుధ రిజర్వు) వాళ్ళు, మంగళగిరి ఆరో బెటాలియన్ నుంచి వచ్చే ఏపీఎస్పీ (రాష్ట్ర స్పెషల్ పోలీసు) వాళ్ళు అలా కాదు, లారీ దిగి వరసలో నిలబడతారు. నీలం చుక్కల దుస్తుల్లో ఉంటే ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్, అంటే కేంద్ర బలగమైన సీఆర్పీఎఫ్‌లో అల్లర్ల కోసం 1992లో పెట్టిన దళం. హెల్మెట్, షీల్డు, బాడీ గార్డు, ఫైబర్ లాఠీ, వెనక టియర్ గ్యాస్ వదిలే వజ్ర వాహనం, నీళ్ళు కొట్టే వాహనం. మన పోలీసు వ్యవస్థ పుట్టుకే అలాంటిది. 1857 తిరుగుబాటు తర్వాత జనాన్ని అదుపులో పెట్టడానికి తెల్లవాళ్ళు ఐర్లండ్ నమూనాలో కట్టుకున్నది.

కొత్త సామాను వచ్చేకొద్దీ గొడవలు తగ్గుతాయా అంటే నాకు నమ్మకం లేదు. అమెరికాలో సైన్యం దగ్గర మిగిలిపోయిన సామగ్రిని ఊరి పోలీసులకు ఇచ్చే పథకం ఉంది, 1033 అంటారు. 2014 ఆగస్టులో ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక జనం రోడ్డెక్కితే కవచ వాహనాలు దించారు, వాటి మీద నుంచి పట్టపగలు తుపాకులు గురిపెట్టారు. రోజురోజుకూ గొడవ పెరిగింది. ఆగస్టు 14న బాధ్యత హైవే పోలీసు కెప్టెన్ రాన్ జాన్సన్‌కి అప్పగిస్తే ఆయన మామూలు యూనిఫాంలో జనంతో కలిసి నడిచాడు, ఆ రాత్రి ప్రశాంతంగా గడిచింది. తర్వాత మళ్ళీ రాజుకుందనుకోండి. అసలు కోపం తీరలేదు కదా. ఆ దేశంలోనే 1967 అల్లర్ల మీద వేసిన కెర్నర్ కమిషన్ కూడా ఏళ్ళ తరబడి పేరుకున్న కష్టాల మీద ఆఖరి నిప్పురవ్వ చాలాచోట్ల పోలీసు చర్యేనని రాసింది.

నా పనిలో దీనికి సాటి ఒకటుంది. మైకుని బాక్సుకి ఎదురుగా పెడితే, మైకులో పడ్డ శబ్దం బాక్సులోంచి వచ్చి మళ్ళీ మైకులోకి పోయి చివరికి చెవులు చిల్లులు పడేలా కుయ్‌మంటుంది. హెల్మెట్లు చూసి జనం దగ్గరకు జరుగుతారు, జనం దగ్గరకు జరిగారని షీల్డులు ముందుకొస్తాయి, అంతే. స్టీఫెన్ రైకర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1980లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జరిగిన అల్లరిని పరిశీలించి, గుంపుకి పిచ్చిపట్టదని, దానికీ హద్దులుంటాయని తేల్చాడు. జనమంతా ఒకటే అని పోలీసులు అందరినీ కలిపి నెట్టినప్పుడే, ఊరికే చూడటానికి వచ్చినవాడు కూడా గొడవవాళ్ళ పక్కకి చేరతాడు. స్వీడన్‌లో 2001 గోథెన్‌బర్గ్ అల్లర్లలో కాల్పుల దాకా పోయాక, నిరసనకారులతో మాట్లాడటమే పనిగా ఉండే పోలీసులను తయారుచేసుకున్నారు.

మనకి అలాంటివాళ్ళు లేరు కాబట్టి ఆ పని మీరే చేసుకోవాలి. మీలో ఒకరికి ఉపన్యాసం, నినాదం ఏదీ అప్పగించకుండా సీఐగారితో మాట్లాడే పని మాత్రమే ఇవ్వండి. నెమ్మదస్తుడై ఉండాలి. పొద్దున్నే వెళ్ళి, ఈ రోజు ఇన్‌చార్జి ఎవరండీ అని కనుక్కుని నంబర్ తీసుకోవాలి. లోకల్ ఎస్సైగారు మా ముందుంటే బాగుంటుంది, బెటాలియన్ వాళ్ళు వెనక సందులో ఉంటే ఇంకా బాగుంటుంది అని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, అడగడంలో పోయేదేముంది? వాళ్ళు తెల్లవారుజామున లారీ ఎక్కి మన ఎండలో ఆ సామానంతా ఒంటి మీద వేసుకుని నిలబడ్డ మనుషులే. మజ్జిగ ప్యాకెట్లు మీవాళ్ళకి పంచేటప్పుడు వాళ్ళకీ ఇవ్వండి.

ఇక మైకు

హారన్లన్నీ స్టేజీకి కట్టించుకోవడం అందరూ చేసే పని. ముందు వరసల చెవులు పోతాయి, వెనకవాళ్ళకి గుయ్ అన్న మోత తప్ప మాట తెలియదు. మాట తెలియని చోటే పుకారు పుడుతుంది. "ముందు కొడుతున్నారంట" అని ఒకడంటే చాలు, వెనకున్న వెయ్యిమంది ముందుకు నెడతారు. సగం హారన్లు మధ్యలో, ఆఖరులో కట్టించండి. కరెంటు లైన్ నుంచి కాకుండా బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్ ఒకటి విడిగా ఉంచుకోండి. స్టేజీ మైకు ఆపించినా జనానికి "కూర్చోండి" అని చెప్పడానికి ఏదో ఒకటి మిగలాలి. నీళ్ళ వాహనం కనపడితే నన్ను అడగకుండానే జనరేటర్ ఆఫ్ చేసేయండి. తడిసిన వైరు లాఠీ కన్నా ప్రమాదం.

కార్యకర్తలకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. సీఐగారు హెచ్చరిక చదువుతానంటే మీ మైకే ఆయన చేతికివ్వండి. బీఎన్‌ఎస్‌ఎస్ 148 ప్రకారం ముందు చెదిరిపొమ్మని ఆదేశం ఇవ్వాలి, ఆ తర్వాతే బలప్రయోగం. ఆదేశం ఆయన చేతిలోని చిన్న మెగాఫోన్‌లో ముందు రెండు వరసలకే వినపడితే, మిగతావాళ్ళు విననే లేదు, లెక్కలో మాత్రం విని లేవనట్టు. 2011 జూన్‌లో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పడ్డందుకు సుప్రీంకోర్టు 2012లో పోలీసులను తప్పుపట్టింది. అదే తీర్పులో నిర్వాహకులు సహకరించలేదని పరిహారంలో 25 శాతం వాళ్ళ మీద వేసింది. మైకు ఇచ్చి, "పది నిమిషాలు టైమివ్వండి, ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ ముందు వెళ్తారు" అని అందరికీ వినపడేలా అడగండి. ఎవరో ఒకరు ఫోన్‌లో టైముతో సహా రికార్డు చేయాలి.

వాలంటీర్లు లేకుండా మైకు ఒక్కటే ఏం చేస్తుంది? బెజవాడకి ఇది కొత్త కాదు. 1921లో ఇక్కడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు గాంధీగారు వచ్చినప్పుడు జనాన్ని అదుపుచేసింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వాలంటీర్ల దళం రామదండు. చేతికి ఒకే రంగు గుడ్డ కట్టుకుని, వరసకి ఇద్దరు చొప్పున, ఆడవాళ్ళ వైపు ఆడవాళ్ళనే పెట్టండి. వాళ్ళు పోలీసులకు వీపు, జనానికి ముఖం పెట్టి నిలబడాలి.

గొడవ తెచ్చే వస్తువులు

మొదటిది దిష్టిబొమ్మ. పేపర్లో "పోలీసులకు, ఆందోళనకారులకు మధ్య తోపులాట" అని వస్తే అందులో సగం దిష్టిబొమ్మ గుంజుకునే దగ్గరే. పెట్రోలు సీసా జనం మధ్యలోకి తెచ్చాక ఏ అధికారీ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. నన్నడిగితే దాని బదులు వినతిపత్రం గట్టిగా చదవండి. జెండా కర్రలు సన్నవి, పొట్టివి తీసుకోండి, పైన కరెంటు తీగలుంటాయి. కలెక్టరేట్ గేటు ఎక్కుతామని కరపత్రంలో వేస్తే ఆ గేటు దగ్గర మూడు వరసల షీల్డులు ఉంటాయి, అది మీరే పిలిచినట్టు.

బెదిరింపు వాతావరణంలో కూడా జరిగేవి జరుగుతాయి. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (జీతాల సవరణ) మీద ప్రభుత్వ ఉద్యోగులు చలో విజయవాడ పెట్టినప్పుడు అనుమతి లేదన్నారు, దారి పొడవునా బస్సులు, రైళ్ళు తనిఖీ చేశారు. అయినా బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. జనం అంతమంది వచ్చాక పోలీసులు పక్కకి తగ్గారు, ఉద్యోగులు మాట్లాడారు, వెళ్ళిపోయారు.

అయినా పరిస్థితి చేయిదాటితే

టియర్ గ్యాస్ పడితే గాలికి ఎదురుగా, పక్కకి నడవండి, పరుగెత్తకండి. కళ్ళు నలపకండి, మంచినీళ్ళతో కడగండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని రావద్దని ముందే చెప్పండి. షెల్లు చేత్తో ముట్టుకోకండి, కాలుతూ ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళని ముందు బయటికి పంపండి. వెనక నుంచి ఎవడైనా రాయి విసిరితే, మైకులో "రాయి వేసినవాడు మనవాడు కాదు, అందరూ కూర్చోండి" అని పదేపదే చెప్పండి. కూర్చున్న జనంలో నిలబడ్డవాడు తేలిగ్గా కనపడతాడు.

వ్యాన్ ఎక్కిస్తుంటే ఒకరు దూరంగా నిలబడి పేర్లు, వ్యాన్ నంబరు, ఏ స్టేషన్ అన్నది రాసుకోవాలి. ముందస్తు అరెస్టు బీఎన్‌ఎస్‌ఎస్ 170 కింద అయితే 24 గంటలు దాటకూడదు. కేసు పెడితే ఆ 24 గంటల్లోపే మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్ళని అరెస్టు చేయాలంటే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. వకీలు నంబరు ఫోన్‌లో కాదు, చేతి మీద పెన్నుతో రాసుకోండి, ఫోన్లు ముందు పోతాయి.

మైక్ సెట్ తీసుకెళ్తుంటే అడ్డుపడకండి, గుంజుకోకండి. ఒకసారి నా ఆంప్లిఫయర్ ఒక స్టేషన్ వరండాలో వానకి తడిసి పాడైంది, ఆ సంగతి నేనూ మర్చిపోలేదు. స్వాధీనం చేసుకుంటే వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది, పంచనామా కాపీ అడగండి, అందులో ఆంప్లిఫయర్ మోడల్, హారన్ల సంఖ్య రాయించండి. దాన్ని పట్టుకుని అదే చట్టం 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేస్తే సామాను వస్తుంది. అది వచ్చేదాకా రోజు అద్దె మాత్రం మీదే, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మాట్లాడుకుందాం.