ఫ్రెండ్‌కి ఇంగ్లీషులో మెయిల్ – 3వ పాఠం: చనువు ఎక్కడ చూపించాలి?

పోయిన పాఠంలో సబ్జెక్ట్ లైన్, పలకరింపు చూశాం. హాయ్ అనో హే అనో మొదలుపెట్టి, పేరు పక్కన కామా పెట్టి కింది లైన్‌కి వెళ్లిపోవడమే, అక్కడ పెద్ద చిక్కేమీ లేదు. అసలు ఇబ్బంది ఆ కింది లైన్‌తోనే మొదలవుతుంది.

తెలుగులో స్నేహితుడికి రాసేటప్పుడు "నువ్వు" అనగానే సగం పని అయిపోతుంది. "ఎలా ఉన్నారు" కాస్తా "ఎలా ఉన్నావురా" అయిందంటే ఇక చనువు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు, బాస్‌కీ "యూ"నే, చిన్నప్పటి ఫ్రెండ్‌కీ "యూ"నే. మరి చనువు ఎక్కడ కనబడుతుంది? మాటల్ని కుదించడంలో, కొన్నిటిని వదిలేయడంలో, బరువైన క్రియల బదులు తేలికైనవి వాడటంలో. ఈ పాఠమంతా దాని గురించే.

ఫ్రెండ్ శనివారం పార్టీకి పిలిచాడు, మనకి వెళ్లడం కుదరదు అనుకోండి. మనలో చాలామంది ఇలా రాస్తారు:

"ఐ యామ్ వెరీ సారీ టు ఇన్ఫార్మ్ యూ దట్ ఐ విల్ నాట్ బి ఏబుల్ టు అటెండ్ యువర్ పార్టీ ఆన్ శాటర్డే. ఐ హావ్ యాన్ ఎగ్జామినేషన్ ఆన్ మండే."

గ్రామర్‌లో ఒక్క తప్పు లేదు. కానీ అందుకున్నవాడికి ఇది ఆఫీసు నోటీసులా ఉంటుంది, వీడికి నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నా అనుకుంటాడు. అదే సంగతి ఇలా రాసి చూడండి:

"సో సారీ, కాంట్ మేక్ ఇట్ ఆన్ శాటర్డే! గాట్ యాన్ ఎగ్జామ్ ఆన్ మండే."

ఏం మారింది? "టు ఇన్ఫార్మ్ యూ దట్" మొత్తం ఎగిరిపోయింది. ఫలానా సంగతి తెలియజేస్తున్నాను అనక్కర్లేదు, ఆ సంగతేదో చెప్పేస్తే చాలు. "విల్ నాట్ బి ఏబుల్ టు అటెండ్" అనే ఆరు మాటల చోట "కాంట్ మేక్ ఇట్" అని మూడే వచ్చాయి. ఇక్కడ "మేక్ ఇట్" అంటే తయారుచేయడం కాదు, రాగలగడం. ఎగ్జామినేషన్ ఎగ్జామ్ అయింది, ముందున్న "ఐ యామ్", "ఐ హావ్" పోయాయి.

ఇలా వదిలేయడంలో మనవాళ్లు తరచూ ఒక చోట పొరపడతారు, అందుకే కాస్త ఆగి చెబుతున్నాను. తెలుగులో "వచ్చాడు" అంటే ఎవరు వచ్చారో క్రియే చెప్పేస్తుంది, కాబట్టి "వాడు" అనకపోయినా నడుస్తుంది. ఇంగ్లీషులో నేను వచ్చినా, వాడు వచ్చినా, వాళ్లు వచ్చినా "కేమ్" ఒక్కటే. అందుకని వాక్యం మొదట్లో వచ్చే "ఐ"ని, అదీ చూడగానే అర్థమయ్యే చోట మాత్రమే వదలండి: "హోప్ యూ ఆర్ వెల్", "మిస్ యూ" లాంటివి. "హీ", "షీ" వదిలేశారంటే ఎవరి సంగతి చెబుతున్నారో అవతలివాళ్లకి తెలియదు.

కుదించిన మాటలు రాసేటప్పుడు అక్షరాల పైన పెట్టే ఆ చిన్న గుర్తు, అదే అపాస్ట్రఫీ, దాని మీద ఓ కన్నేయండి. "ఇట్స్"లో ఆ గుర్తు ఉంటే "ఇట్ ఈజ్", లేకపోతే "దాని". చిన్న గుర్తే, అర్థం మాత్రం మారిపోతుంది.

క్రియల సంగతి త్వరగా చెప్పేస్తాను. రిసీవ్ బదులు గెట్, పోస్ట్‌పోన్ బదులు పుట్ ఆఫ్, టాలరేట్ బదులు పుట్ అప్ విత్. బరువైన మాటలు తప్పేమీ కావు, ఫ్రెండ్ మెయిల్‌లో అవి ఎడంగా వినబడతాయి, అంతే.

ఇక ముగింపు. "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అస్సలు వద్దు. "టేక్ కేర్", "సీ యూ సూన్", "టాక్ సూన్" ఎవరికైనా పనికొస్తాయి. బ్రిటన్‌లో ఉన్న ఫ్రెండ్ చివర్న "చీర్స్" అని రాస్తే కంగారు పడకండి, అక్కడ థాంక్స్‌కీ బైకీ కూడా అదే మాట. అలాగే "లవ్" అని సంతకం చేసినా, పేరు కింద "ఎక్స్" అనే అక్షరం ఒకటో రెండో పెట్టినా అక్కడ దగ్గరి స్నేహితుల మధ్య మామూలే, ఆ ఎక్స్ ముద్దుకి గుర్తు. ప్రేమలేఖ అనుకుని టెన్షన్ పడక్కర్లేదు. మీరు మాత్రం వాళ్లు ముందు అలా రాశాకే మొదలుపెట్టండి.

ఈసారి మీ పని ఇది. కింది రెండు వాక్యాల్ని చనువుగా తిరగరాసి, పైకి చదివి చూసుకోండి. ఫోన్‌లో మాట్లాడినట్టు నోరు తిరక్కపోతే ఇంకా కుదించాలన్నమాట.

"ఐ రిసీవ్డ్ యువర్ ఈమెయిల్ యెస్టర్డే. ఐ రిగ్రెట్ దట్ ఐ వాజ్ నాట్ ఏబుల్ టు రిప్లై ఇమీడియట్లీ."

వచ్చే పాఠంలో మొదట దీన్నే విప్పి చూసి, ఆ తర్వాత కష్టంలో ఉన్న ఫ్రెండ్‌కి ఎలా రాయాలో నేర్చుకుందాం.