అయోమయం పెట్టే ఇంగ్లిష్ క్రియలు – 7: లై, లెయ్

పోయిన పాఠానికి మీరు రాసి పంపినవన్నీ చదివాను. ఎక్కువమంది ఒక్కచోటే తడబడ్డారు: ‘ది సన్ రెయిజెస్ ఇన్ ది ఈస్ట్’. రైజ్, రెయిజ్ రెండూ పైకి వెళ్లడం గురించే అని చెప్పి వదిలేశాను, తప్పు నాదే. ముందు అది సరిచేద్దాం.

తెలుగులో లేచు, లేపు ఉన్నాయి కదా. రైజ్ అంటే లేవడం, రెయిజ్ అంటే లేపడం. పొద్దు తనంతట తానే పొడుస్తుంది, కాబట్టి ‘రైజెస్’. చెయ్యి మనం ఎత్తాలి, కాబట్టి ‘రెయిజ్ యువర్ హ్యాండ్’. ధరలు పెరిగితే ‘ప్రైసెస్ రోజ్’, ఎవరైనా పెంచితే ‘దే రెయిజ్డ్ ప్రైసెస్’. పెరుగు–పెంచు, దిగు–దించు కూడా ఇలాంటివే. అకర్మకం, సకర్మకం అని బట్టీ పడితే పరీక్షలో గుర్తుంటుంది, మాట్లాడేటప్పుడు గుర్తురాదు. అందుకే నేను ఈ జంటలతోనే చెబుతాను. పాత ఇంగ్లిష్‌లోనూ ఇలా ఒక క్రియ నుంచి మరో క్రియ పుట్టిన జంటలు ఉండేవి. సిట్–సెట్, లై–లెయ్ అలా మిగిలినవే. సిట్, సెట్ మీకు తెలుసు, వాటి జోలికి పోను.

లై అంటే పడుకోవడం, లేదా ఒకచోట పడి ఉండడం. లెయ్ అంటే పడుకోబెట్టడం, లేదా ఒకచోట పెట్టడం. ఇంతవరకు తేలికే. చిక్కంతా భూతకాలంలో ఉంది: లైకి భూతకాలం కూడా లెయ్ అనే! అసలు లెయ్‌కేమో లెయిడ్. ‘ఐ లెయిడ్ డౌన్ ఫర్ యాన్ అవర్’ అని రాస్తే, ‘గంటసేపు దేన్ని పెట్టావు?’ అని అడగాలనిపిస్తుంది నాకు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనూ చాలామంది మాటల్లో అలా అనేస్తారు. రాతలో మాత్రం మీరు అలా రాయకండి.

ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చేదాకా అనుకోండి: ‘షి లెయిడ్ ది బేబీ ఆన్ ది బెడ్ అండ్ లెయ్ బిసైడ్ హిమ్’. బిడ్డను పడుకోబెట్టింది, పక్కన తనూ పడుకుంది. లెయిడ్ తర్వాత బిడ్డ ఉన్నాడు, లెయ్ తర్వాత ఎవరూ లేరు.

హ్యావ్, హ్యాజ్ వస్తే లై కాస్తా లెయిన్ అవుతుంది: ‘ది బుక్ హ్యాజ్ లెయిన్ దేర్ ఫర్ డేస్’. లెయిడ్ మాత్రం మారదు. అబద్ధమాడే లై వేరే క్రియ, దాని భూతకాలం లైడ్.

ఫాల్ (పడడం), ఫెల్ (పడేయడం) జంటదీ ఇదే కథ: ఫాల్‌కి భూతకాలం కూడా ఫెల్ అనే. చెట్టు పడింది అంటే ‘ది ట్రీ ఫెల్’. నరికి పడేస్తారు అంటే ‘దే ఫెల్ ట్రీస్’. పడేశారు అంటే ‘ఫెల్డ్’.

అభ్యాసం: నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశారో పది వాక్యాల్లో రాయండి. పడుకున్నాను అనే అర్థంలో లెయ్ రెండుసార్లు, లెయిడ్ రెండుసార్లు, లెయిన్ ఒకసారి, రోజ్ ఒకసారి రావాలి. లెయిడ్ వచ్చిన ప్రతిచోటా దేన్ని పెట్టారో ఆ మాట కింద గీత గీయండి.