ఎక్స్‌ఎస్ఎల్‌టీ 1.0తో వచ్చే చిక్కులు, వాటికి పరిష్కారాలు

ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను వెబ్‌పేజీ వంటి వేరే రూపాల్లోకి మార్చే భాష ఎక్స్‌ఎస్ఎల్‌టీ. దాని 1.0 వెర్షన్ వచ్చింది 1999 నవంబరులో. 2007లో 2.0, 2017లో 3.0 వచ్చాయి. కానీ ఆ కోడ్‌ను నడిపే ప్రాసెసర్లలో కమాండ్ లైన్‌లో వాడే ఎక్స్‌ఎస్ఎల్‌టీప్రాక్, పీహెచ్‌పీలో ఉన్నది ఇప్పటికీ 1.0 దగ్గరే ఉన్నాయి. అందుకే ఎక్కడినుంచో తెచ్చిన కోడ్ నడవకపోతే ముందు మీ ప్రాసెసర్ వెర్షన్ చూడండి. స్టైల్‌షీట్ (మీరు రాసే ఎక్స్‌ఎస్ఎల్‌టీ ఫైలు) పైన రాసిన నంబరును నమ్మొద్దు. సిస్టమ్-ప్రాపర్టీ ఫంక్షన్‌ను అడిగితే అసలు సంగతి చెబుతుంది. సాక్సన్ అనే ప్రాసెసర్ వాడే వీలుంటే 3.0కి మారిపోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. వీలు లేనివాళ్లు ఇక్కడ చెప్పే పద్ధతులు వాడుకోవచ్చు.

లక్షణం: ఎర్రర్ లేదు, కానీ ట్యాగులన్నీ పోయి ఉత్త అక్షరాలే వస్తున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ నేమ్‌స్పేసే (ఎలిమెంట్ పేరు ఏ సమూహానిదో చెప్పే గుర్తింపు). మూల ఫైల్లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉంటే, ప్రిఫిక్స్ (పేరు ముందు పెట్టే పొట్టి గుర్తు) లేకుండా రాసిన పేరు అక్కడి ఏ ఎలిమెంట్‌కీ సరిపోదు. మీ టెంప్లేట్ (ఏ ఎలిమెంట్‌కు ఏం చేయాలో చెప్పే భాగం) పక్కకు పోయి, ప్రాసెసర్‌లో ముందే ఉన్న టెంప్లేట్ పనిచేసి, ఉన్న టెక్స్ట్ అంతా కుమ్మరిస్తుంది. అదే నేమ్‌స్పేస్‌కు స్టైల్‌షీట్‌లో ఒక ప్రిఫిక్స్ ఇచ్చి, ప్రతి పాత్‌లో (ఎలిమెంట్లను ఎంచుకునే దారిలో) ప్రతి ఎలిమెంట్ పేరు ముందూ దాన్ని పెట్టండి. ఒక్కచోట మరిచినా ఆ భాగం ఖాళీగా వస్తుంది.

లక్షణం: ముగ్గురు రచయితలుంటే ఒక్కరి పేరే వస్తోంది

విలువను బయటకు రాసే వాల్యూ-ఆఫ్ 1.0లో, దొరికినవాటిలో మొదటి నోడ్‌నే (ఎలిమెంట్ వంటి ఒక్క అంశాన్నే) తీసుకుంటుంది. ఫర్-ఈచ్ పెట్టి, చివరిది కానప్పుడు కామా వేయండి.

లక్షణం: వేరియబుల్‌లో దాచిన ఎలిమెంట్ల మీద పాత్ నడవడం లేదు

అలా కట్టిన వేరియబుల్ 1.0 దృష్టిలో నోడ్‌సెట్ (నోడ్‌ల గుంపు) కాదు. ఎక్స్‌ఎస్ఎల్‌టీప్రాక్‌లో అయితే ఈఎక్స్‌ఎస్ఎల్‌టీ (1.0కి అదనపు ఫంక్షన్ల సమితి) వారి నోడ్-సెట్ ఫంక్షన్‌తో మార్చుకోవచ్చు.

లక్షణం: పుస్తకాలను రచయితల వారీగా గుంపులు కట్టడం కుదరడం లేదు

గుంపులు కట్టే ఫర్-ఈచ్-గ్రూప్ 2.0లో వచ్చింది. అంతకుముందు పుస్తకాలన్నీ వెనక్కి వెతికే ప్రిసీడింగ్ పద్ధతి రాసేవారు. చిన్న ఫైలుకు ఫర్వాలేదు గానీ, వేల రికార్డులుంటే ప్రతి రికార్డుకూ వెనకున్నవన్నీ చూడాలి కాబట్టి నత్తనడక నడుస్తుంది. స్టీవ్ మ్యూంచ్ చూపిన పద్ధతి నాకు తెలిసి 1.0లో అత్యంత అందమైన ఉపాయం. రచయిత పేరు మీద పుస్తకాలకు ఒక కీ (పేరు ఇస్తే ఆ పుస్తకాలను తెచ్చే సూచిక) కట్టండి. తర్వాత ఒక్కో పుస్తకానికీ జనరేట్-ఐడీ (ఒక్కో నోడ్‌కూ వేర్వేరుగా ఉండే గుర్తింపు) తీసి, అదే రచయిత కీలో మొదట దొరికే పుస్తకం ఐడీతో పోల్చండి. రెండూ ఒకటైన పుస్తకాలే గుంపులకు మొదళ్లు. వాటి మీద తిరుగుతూ, లోపల మళ్లీ కీని పిలిస్తే ఆ రచయిత పుస్తకాలన్నీ వస్తాయి.

జాగ్రత్త: కీ ఒక డాక్యుమెంట్ లోపలే పనిచేస్తుంది. డాక్యుమెంట్ ఫంక్షన్‌తో నాలుగు ఫైళ్లు తెస్తే ఏ ఫైలు గుంపులు ఆ ఫైలువే. ముందు వాటన్నిటినీ ఒక్క ఫైలుగా కలపండి.

లక్షణం: పెద్ద టెక్స్ట్‌లో మాట మార్చబోతే మధ్యలో ఆగిపోతోంది

1.0లో రీప్లేస్ లేదు. వేరియబుల్ విలువ మార్చడానికీ వీల్లేదు. అందుకే సబ్‌స్ట్రింగ్-బిఫోర్, సబ్‌స్ట్రింగ్-ఆఫ్టర్‌లతో తనను తానే పిలుచుకునే టెంప్లేట్ రాస్తాం. ఆ పిలుపుల లోతు హద్దు దాటితే ఎక్స్‌ఎస్ఎల్‌టీప్రాక్ ఆపేస్తుంది. ఆ హద్దును నిర్ణయించే మ్యాక్స్‌డెప్త్ ఆప్షన్‌ను పెంచవచ్చు. అంతకన్నా టెక్స్ట్‌ను పేరాలుగా విడగొట్టి ఒక్కోదానికీ టెంప్లేట్‌ను పిలవడం మంచిది.

లక్షణం: తెలుగు పేర్ల వరుస తప్పుతోంది

‘కవిత’ ముందు రావాలి, కానీ ‘కళ’ ముందు వస్తోంది. మన అక్షరమాలలో ళ, ఱ హ తర్వాత ఉంటాయి. యూనికోడ్‌లో ఱ ర పక్కన, ళ ల పక్కన ఉన్నాయి. సార్ట్‌కు భాష చెప్పకపోతే ఎక్స్‌ఎస్ఎల్‌టీప్రాక్ ఆ కోడ్ వరుసనే పాటిస్తుంది. సార్ట్ సెలెక్ట్‌లోనే ట్రాన్స్‌లేట్ వాడి ళ, ఱలను హ తర్వాత యూనికోడ్‌లో ఖాళీగా ఉన్న రెండు స్థానాలకు, 0సీ3ఏ, 0సీ3బీలకు, వరుసగా మార్చండి. గుణింతపు గుర్తులు ఆ తర్వాతే మొదలవుతాయి కాబట్టి ‘కాకి’ వచ్చి ‘కళ’ ముందు చేరదు. ఈ మార్పు పోలికకు మాత్రమే; పేజీలో పేరు ఉన్నది ఉన్నట్టే వస్తుంది.